ముందు రిజిస్టరు, తర్వాతే ఫ్రేమ్‌వర్క్



వెబ్ అప్లికేషన్లు రాయడం కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు ఎక్కడ కనబడ్డా మొదట ఒకటే అడుగుతారు. "ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోమంటారు సార్? జాంగోనా, లారవెల్లా, స్ప్రింగ్ బూటా?" దాని వెనకే రెండో ప్రశ్న వస్తుంది. "ఏ డేటాబేస్ మంచిది? మైఎస్‌క్యూఎల్లా, మాంగోడీబీనా?" రెండింటికీ జవాబు చెబుతాను. కాకపోతే కాస్త ఆగి చెబుతాను. వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. దాన్ని మాత్రం ఎవరూ అడగరు. నా అప్లికేషన్ ఏయే సంగతులు గుర్తుపెట్టుకోవాలి? ఒక్కో సంగతిని ఎక్కడ రాసిపెట్టాలి? ఇదీ ఆ ప్రశ్న. ఇవాళ మనం మాట్లాడుకునేది దీని గురించే.

జవాబు కూడా ముందే చెప్పేస్తాను. ఒక సంగతిని ఒక్క చోటే రాయాలి. మళ్ళీ చెబుతున్నాను. ఒక సంగతి, ఒక్క చోటు. డేటాబేస్ డిజైన్ పేరుతో పెద్ద పెద్ద పుస్తకాలున్నాయి. వాటిలో సగం ఈ ఒక్క మాటనే విడమర్చి చెబుతాయి.

ముందు ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటో చూద్దాం. వెబ్‌సైటు ఏదైనా సరే, కొన్ని పనులు తప్పవు. వచ్చిన మనిషి ఎవరో గుర్తుపట్టాలి. పాస్‌వర్డ్ సరిచూడాలి. ఏ లింకు నొక్కితే ఏ పేజీ చూపించాలో తేల్చాలి. ఫారంలో నింపినది సరిగ్గా ఉందా లేదా చూడాలి. డేటాబేస్‌తో మాట్లాడాలి. వీటన్నిటినీ ఎవరికి వారు మొదటి నుంచీ రాసుకోనక్కర్లేదు. ఎవరో ఒకసారి బాగా రాసి, పదిమందీ వాడుకునేలా పెట్టిన సరంజామానే ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఇంట్లో పెళ్ళి పెట్టుకుంటే టెంట్ హౌస్ నుంచి షామియానా, కుర్చీలు, గుండిగలు తెచ్చుకుంటాం కదా, అలాంటిదన్నమాట. ఏ టెంట్ హౌస్ నుంచి తెచ్చినా గుండిగ గుండిగే. కానీ ఎవరెవర్ని పిలవాలి, ఎంతమందికి వండాలి అని టెంట్ హౌస్ అతన్ని అడగం. అది ఇంటివాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి.

జాంగో పుట్టిన తీరు వింటే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఉంది. అక్కడ లారెన్స్ అనే ఊళ్ళో ఒక దినపత్రిక. పేరు లారెన్స్ జర్నల్ వరల్డ్. ఆ పత్రిక వెబ్‌సైటులో పనిచేసే ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో జాంగోను మొదలుపెట్టారు. పత్రికాఫీసులో పని ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున్న అడిగిన పేజీ సాయంత్రానికి తయారుకావాలి. ప్రతిసారీ అదే పని మళ్ళీ రాయలేక, అన్నిచోట్లా పనికొచ్చే భాగాన్ని విడదీసి పెట్టుకున్నారు. 2005 జులైలో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. రూబీ ఆన్ రైల్స్ కూడా అలాగే వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైనమయర్ హాన్సన్ బేస్‌క్యాంప్ అనే అప్లికేషన్ రాస్తూ, అందులోంచి విడదీసి 2004లో బయటపెట్టారు. రెండు చోట్లా ఒకటే వరస. ముందు నిజమైన పని ఉంది. ఫ్రేమ్‌వర్క్ దాని వెనక వచ్చింది. మన పిల్లలు దీన్ని తిరగేసి మొదలుపెడుతున్నారు. ఫ్రేమ్‌వర్క్ ముందు దించుకుని, దాంతో ఏం చేయాలా అని ఆ తర్వాత వెతుక్కుంటున్నారు.

సరే, మనం పని ముందు పెట్టుకుందాం. మీ ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉందనుకోండి. దానికొక చిన్న అప్లికేషన్ రాయాలి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారు, ఎప్పుడు తిరిగివ్వాలి, తెలియాలి. అంతే. దగ్గర్లో పెన్నూ కాగితం ఉంటే తీసుకోండి. లేకపోయినా ఫరవాలేదు, వింటే చాలు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళలో చాలామంది ఏం చేస్తారంటే, ఒక పెద్ద పట్టిక గీస్తారు. దీన్నే టేబుల్ అంటాం. తేదీ, సభ్యుడి పేరు, ఫోన్ నంబరు, చిరునామా, పుస్తకం పేరు, రచయిత, తిరిగివ్వాల్సిన రోజు. అన్నీ ఒకే వరుసలో. ఎవరైనా పుస్తకం తీసుకుంటే ఒక కొత్త వరుస. చూడ్డానికి బాగానే ఉంటుంది. మొదటి వారం పనికూడా చేస్తుంది.

తర్వాత సుబ్బారావు గారు వస్తారు. ఆయనకు చదివే అలవాటు. ఏడాదిలో ముప్ఫై పుస్తకాలు తీసుకెళ్ళారు. అంటే ఆయన ఫోన్ నంబరు ముప్ఫై వరుసల్లో ఉంది. ఒకరోజు ఆయన నంబరు మారింది. మీరు మార్చారు. ఇరవైతొమ్మిది చోట్ల మారింది, ఒకచోట పాతదే ఉండిపోయింది. ఆర్నెల్ల తర్వాత చూసేవాళ్ళకి ఏ నంబరు నిజమో ఎలా తెలుస్తుంది? తెలీదు. కంప్యూటరుకు అసలే తెలీదు. దాని దృష్టిలో రెండూ నిజమే.

ఇంకో చిక్కు. నిన్న పది కొత్త పుస్తకాలొచ్చాయి. ఇంకా ఎవరూ తీసుకెళ్ళలేదు. వాటిని ఎక్కడ రాస్తారు? ఆ పట్టికలో తీసుకెళ్ళిన పుస్తకానికే చోటుంది. బీరువాలో ఉన్న పుస్తకానికి చోటే లేదు. మూడోది అన్నిటికంటే ప్రమాదం. లక్ష్మి అనే అమ్మాయి చేరి ఒకే ఒక్క పుస్తకం తీసుకుంది. తిరిగిచ్చేసింది. పుస్తకం వచ్చేసింది కదా అని మీరు ఆ వరుస కొట్టేశారు. దాంతో ఆ అమ్మాయి పేరూ పోయింది, ఫోనూ పోయింది. అసలు ఆమె సభ్యురాలన్న సంగతే పోయింది. పుస్తకం తిరిగిచ్చిన పాపానికి సభ్యత్వం రద్దయింది!

ఈ మూడు తిప్పలకూ మూలం ఒకటే. మనిషి సంగతి, పుస్తకం సంగతి, తీసుకెళ్ళిన సంగతి, మూడింటినీ ఒకే వరుసలో కుక్కాం. వాటిని విడదీయాలి.

ఎడ్గర్ కాడ్ అనే గణితజ్ఞుడు ఐబీఎమ్‌లో పనిచేస్తూ 1970లో ఒక వ్యాసం ప్రచురించారు. సమాచారాన్ని ఇలా విడివిడి పట్టికలుగా పెట్టి, అవసరమైనప్పుడు కలిపి చదువుకోవచ్చన్నారు. ఇవాళ మనం వాడే డేటాబేసుల్లో చాలా వాటికి పునాది ఆ వ్యాసమే. ఆయనకు 1981లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో అంతకంటే పెద్ద గౌరవం లేదు.

మన గ్రంథాలయానికి వద్దాం. సభ్యులకు ఒక పట్టిక. ఒక్కో సభ్యుడికీ ఒకే ఒక్క వరుస. సుబ్బారావు గారి ఫోన్ నంబరు ఇప్పుడు ఒక్క చోటే ఉంది. మారితే ఒక్క చోటే మారుస్తాం. పుస్తకాలకు ఒక పట్టిక. ఇచ్చిపుచ్చుకోవడాలకు ఇంకో పట్టిక. దీన్ని జారీల పట్టిక అందాం. అందులో పేర్లుండవు. నంబర్లే ఉంటాయి. 17వ నంబరు సభ్యుడు, 2304 నంబరు పుస్తకం, జూన్ 3న తీసుకెళ్ళారు. తిరిగిచ్చిన తేదీ దగ్గర ఖాళీ. ఖాళీగా ఉందంటే పుస్తకం ఇంకా బయటే ఉందని అర్థం. తిరిగిచ్చినప్పుడు ఆ ఖాళీలో తేదీ నింపుతాం. వరుస కొట్టెయ్యం. లక్ష్మి సభ్యత్వానికి ఇక ఢోకా లేదు.

ఇక్కడ పిల్లలు ఒక మంచి ప్రశ్న అడుగుతారు. "ఈ నంబర్లెందుకు? పేరే రాసుకోవచ్చు కదా?" మీ ఊళ్ళో వెంకటేశ్వరరావులు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి. "పోనీ ఫోన్ నంబరు పెట్టుకుంటే?" నంబరు మారుతుంది. ఒకే ఫోన్‌తో తండ్రీ కొడుకూ ఇద్దరూ చేరతారు. "ఆధార్?" పుస్తకం అరువివ్వడానికి ఆధార్ నంబరుతో పనిలేదు. అక్కర్లేని సొంత వివరాలు పోగుచేసుకుంటే కాపాడాల్సిన భారం మీ నెత్తిన పడుతుంది. అందుకని ఏ అర్థమూ లేని ఒక వరుస నంబరు ఇస్తాం. దాన్ని ప్రైమరీ కీ అంటారు. అర్థం లేకపోవడమే దాని గొప్పదనం. అర్థం లేదు కాబట్టి మార్చాల్సిన పని ఎప్పటికీ రాదు. జారీల పట్టికలో మనం రాసిన 17 ఉంది చూశారా, అది సభ్యుల పట్టికలోని వరుసను చూపిస్తుంది. అలా చూపించేదాన్ని ఫారిన్ కీ అంటారు. పేరు విని బెదరకండి. ఇంకో పట్టికలోని నంబరు, అంతే.

ఇప్పుడు అసలు చిక్కుముడి. మీ గ్రంథాలయంలో కన్యాశుల్కం మూడు కాపీలున్నాయి. పుస్తకాల పట్టికలో ఎన్ని వరుసలు రాస్తారు? ఒకటా, మూడా?

చాలామంది ఒక వరుస రాసి, పక్కన "ప్రతులు: 3" అని పెడతారు. ఎవరైనా తీసుకెళ్తే రెండు చేస్తారు. తిరిగిస్తే మూడు చేస్తారు. కానీ అందులో ఒక ప్రతికి చివరి అంకం పేజీలు చిరిగిపోయాయి. అది ఎవరి చేతిలో చిరిగింది? మూడు అనే అంకె దానికి జవాబు చెప్పదు.

మీరు గ్రంథాలయానికి వెళ్ళి అక్సెషన్ రిజిస్టరు చూపించమని అడగండి. కంప్యూటర్లు రాకముందు నుంచీ ఉన్న రిజిస్టరది. కొత్త పుస్తకాలు రాగానే మొదట అందులో ఎక్కిస్తారు. ఒకే పుస్తకం మూడు కాపీలొస్తే మూడు నంబర్లిస్తారు. ఒక్కో ప్రతికీ ఒక్కో నంబరు, దాని మీదే వేసేస్తారు. పుస్తకం వేరు, ప్రతి వేరు అని గ్రంథాలయాల వాళ్ళకు ఎప్పుడో తెలుసు. డిజైన్ కోసం మనం ఎక్కడెక్కడో వెతుకుతాం గానీ, ఆ పని ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళ రిజిస్టరులో సగం డిజైన్ సిద్ధంగా ఉంటుంది. నా మాట నమ్మండి, ముందు ఆ రిజిస్టరు చూడండి.

కాబట్టి మన పట్టికలు నాలుగయ్యాయి. సభ్యులు, పుస్తకాలు, ప్రతులు, జారీలు. పుస్తకాల పట్టికలో కన్యాశుల్కం ఒక్క వరుసే. పేరు ఒక్క చోటే ఉంటుంది. ప్రతుల పట్టికలో మూడు వరుసలు, మూడూ ఆ పుస్తకం నంబరునే చూపిస్తాయి. ఏ సభ్యుడు ఏ ప్రతి తీసుకెళ్ళాడో జారీల్లో ఉంటుంది.

ఇంతలో తెలివైన కుర్రాడు ఎవడో లేస్తాడు. "సార్, కన్యాశుల్కం 1897లో ఒకటొచ్చింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. రెండూ ఒకే పుస్తకమా, వేర్వేరా?" మంచి ప్రశ్నే. ప్రపంచ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 1998లో దీనిమీదే ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. రచన, రూపం, ముద్రణ, ప్రతి అని నాలుగు మెట్లు కట్టింది. పెద్ద విశ్వవిద్యాలయానికైతే అది కావాలి. మీ ఊరి గ్రంథాలయానికి అక్కర్లేదని నా అభిప్రాయం. రెండు కూర్పులుంటే రెండు పుస్తకాలుగా రాసుకోండి. విడదీయడం ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం కూడా డిజైనే. గ్రంథాలయాధికారి అడగని తేడాను మీరు పట్టికలో పెట్టకండి.

రచయిత దగ్గర మాత్రం ఆపలేం. పుస్తకాల పట్టికలో రచయిత అని ఒక గడి పెట్టారనుకోండి. పాండవోద్యోగ విజయాలు నాటకాలకు "తిరుపతి వేంకట కవులు" అని రాస్తారు. కథలు గాథలు పుస్తకానికి "చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి" అని రాస్తారు. ఒక పాఠకుడు వచ్చి చెళ్ళపిళ్ళ వారి పుస్తకాలన్నీ చూపించమంటాడు. కంప్యూటరు కథలు గాథలు చూపించి ఊరుకుంటుంది. నాటకాలు చూపించదు. జంటకవుల్లో ఒకరు చెళ్ళపిళ్ళ వారేనని మనకు తెలుసు. ఆ గడికి తెలీదు.

మరేం చేయాలి? రచయితలకు వేరే పట్టిక పెట్టాలి. అందులో దివాకర్ల తిరుపతిశాస్త్రి ఒక వరుస, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఒక వరుస. ఒక పుస్తకానికి ఇద్దరు రచయితలుండొచ్చు. ఒక రచయితకు పది పుస్తకాలుండొచ్చు. అందుకని మధ్యలో ఒక చిన్న పట్టిక. ఈ పుస్తకం నంబరు, ఈ రచయిత నంబరు. అందులో ఉండేది అంతే. ఇలాంటి సంబంధం ఎక్కడ ఎదురైనా ఇదే మందు. విద్యార్థులూ కోర్సులూ, డాక్టర్లూ ఆస్పత్రులూ, నటులూ సినిమాలూ, దేనికైనా మధ్యలో ఒక పట్టిక. శ్రీశ్రీ పుస్తకాలు ఒకచోట శ్రీశ్రీ పేరుతో, ఇంకోచోట శ్రీరంగం శ్రీనివాసరావు పేరుతో విడిపోయే బెడద కూడా దీంతో తీరుతుంది.

లెక్కకట్టగలిగినదాన్ని రాసిపెట్టుకోవడం ఇంకో అలవాటు. సభ్యుడి వయసు అని ఒక గడి పెడతారు. వచ్చే ఏడాదికి అది అబద్ధమవుతుంది. పుట్టిన తేదీ రాయండి, వయసు ఎప్పటికప్పుడు లెక్క తేలుతుంది. ఎన్ని ప్రతులు మిగిలాయి అన్నదీ అంతే. జారీల్లో తిరిగిరానివి ఎన్నో చూస్తే తెలిసిపోతుంది. ఒక సంగతిని ఒక్క చోటే రాయాలన్నాం కదా. వయసు గడి కూడా పుట్టిన తేదీని రెండోసారి రాయడమే.

ఇక్కడ మాత్రం కొంచెం జాగ్రత్త. ఒకేలా కనిపించేవన్నీ ఒకే సంగతి కావు. ఆలస్యానికి రోజుకు అర్ధరూపాయి జరిమానా అనుకుందాం. రేటు ఒక చోట రాసుకున్నారు. సుబ్బారావు గారు మార్చిలో ఐదు రూపాయలు కట్టారు. ఏప్రిల్ నుంచి రేటు రూపాయి అయింది. జరిమానాను ఎప్పటికప్పుడు లెక్కకట్టే పద్ధతి పెట్టుకుంటే, పాత జారీకి కూడా కంప్యూటరు పది రూపాయలు చూపిస్తుంది. చేతిలో రసీదు ఐదుకే ఉంది. ఇవాళ్టి రేటు ఒక సంగతి. ఆ రోజు ఆయన కట్టిన డబ్బు వేరే సంగతి. రెండూ రాయాలి, ఒక్కోదాన్ని దాని చోట. దుకాణం సైటు రాసేవాళ్ళు ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోవాలి. సరుకు ఇవాళ్టి ధర వేరు, బిల్లులో పడిన ధర వేరు. ధర పెంచగానే పాత బిల్లులన్నీ మారిపోతే ఆడిటర్ ఊరుకోడు.

ఇప్పుడు ఫ్రేమ్‌వర్క్ ప్రశ్నకు వద్దాం. మీకు పైథాన్ వస్తే జాంగో. పీహెచ్‌పీ వస్తే లారవెల్. జావా వస్తే స్ప్రింగ్ బూట్. అంతకుమించి ఆలోచించకండి. ఇంకో మాట. సందేహం వస్తే అడగడానికి మీ చుట్టుపక్కల ఎవరికి ఏది తెలుసో చూసుకోండి. పక్కనున్న స్నేహితుడికి లారవెల్ వస్తే మీకూ లారవెల్లే మంచి ఫ్రేమ్‌వర్క్. మనం ఇంతసేపూ గీసిన పట్టికలు ఏ ఫ్రేమ్‌వర్క్‌కైనా అవే. రేపు ఒకటి మానేసి ఇంకోటి పట్టుకున్నా పట్టికలు అలాగే ఉంటాయి.

కానీ ఫ్రేమ్‌వర్క్ తెచ్చే కొన్ని అలవాట్లు మనకు సరిపడవు. జాంగో తనంతట తాను ఇచ్చే సభ్యుల పట్టికలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. మన ఇంటిపేరు ముందొస్తుంది. దాన్ని మొదటి గడిలో పెట్టాలా, చివరి గడిలోనా? ఒక్కొక్కరు ఒక్కో విధంగా నింపుతారు. ఉత్తరం అచ్చువేస్తే ఇంటిపేరుతో పిలిచినట్టవుతుంది. పూర్తి పేరుకు ఒకే గడి పెట్టుకోండి. పిలిచే పేరు కావాలంటే ఇంకో గడి. జాంగోలో సభ్యుల పట్టికను మొదటి రోజే సొంతంగా రాసుకోవడం మేలు. పని సగంలో ఉండగా మార్చడం చాలా కష్టం.

తెలుగు అక్షరాల సంగతీ చెప్పాలి. స్త్రీ అనే మాట మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది ఆరు గుర్తులు. సకారం, పొల్లు, తకారం, మళ్ళీ పొల్లు, రకారం, గుడిదీర్ఘం. ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు. అంటే మొత్తం పద్దెనిమిది. ఇరవై అక్షరాలు చాలులే అని పేరు గడిని ఇరుకుగా పెడితే తెలుగు పేరు అందులో పట్టదు. గడి విశాలంగా పెట్టండి. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళు యూటీఎఫ్ 8 ఎంబీ 4 అనే అమరిక ఎంచుకోండి. పాత యూటీఎఫ్ 8 అమరికలో తెలుగు పడుతుంది గానీ ఎమోజీ పట్టదు. దానికి నాలుగు బైట్లు కావాలి.

డేటాబేస్ ఏది? నేర్చుకోవడానికి ఎస్‌క్యూలైట్ చాలు. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఇప్పటికే ఉంది. రిచర్డ్ హిప్ 2000 సంవత్సరంలో మొదలుపెట్టి, హక్కులన్నీ వదులుకుని లోకానికిచ్చేశారు. పదిమంది ఒకేసారి వాడే సైటుకు పోస్ట్‌గ్రెస్ గానీ, మైఎస్‌క్యూఎల్ గానీ తీసుకోండి. "మాంగోడీబీ అయితే డిజైన్ అక్కర్లేదట కదా?" అంటారు. అక్కర్లేదని ఎవరన్నారు? పట్టికలు ముందుగా ప్రకటించనక్కర్లేదు, అంతవరకే. సుబ్బారావు గారి ఫోన్ నంబరు ముప్ఫై చోట్ల రాస్తే అక్కడా ముప్ఫై చోట్లే మార్చాలి. సభ్యులు, ప్రతులు, జారీలు ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే పనికి పట్టికల డేటాబేసే తగినది.

డేటాబేస్‌కు ఇంకో బాధ్యత కూడా అప్పగించండి. కాపలా. ఒక ప్రతిని ఇద్దరు ఒకేసారి అడిగారనుకుందాం. మీ ప్రోగ్రాం ముందు ప్రతి ఉందా అని చూస్తుంది, తర్వాత జారీ రాస్తుంది. ఆ చూడటానికీ రాయడానికీ మధ్య రెప్పపాటు కాలం ఉంది. ఇద్దరికీ "ఉంది" అనే జవాబొస్తుంది. ఇద్దరి పేరా రాసేస్తుంది. ఉన్నది ఒక్క ప్రతి! ఒక ప్రతికి తిరిగిరాని జారీ ఒకటే ఉండాలి అని డేటాబేస్‌లోనే నియమం పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూలైట్‌లో ఈ నియమం నేరుగా పెట్టొచ్చు. రెండోవాడి జారీని డేటాబేసే ఒప్పుకోదు. లేని సభ్యుడి నంబరు రాస్తే ఒప్పుకోకుండా ఫారిన్ కీ కూడా అలాగే కాపలా కాస్తుంది. ఒక్క హెచ్చరిక. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ కాపలా మామూలుగా ఆపి ఉంటుంది. నేరుగా వాడేటప్పుడు మీరే దాన్ని మొదలుపెట్టాలి. జాంగో ద్వారా వాడితే ఆ పని జాంగో చేసిపెడుతుంది.

చివరిగా, కొత్తవాళ్ళు తరచూ అడిగేది. "సార్, పట్టికలు ఇన్ని ముక్కలు చేస్తే సైటు నెమ్మదించదా?" నెమ్మదించడం నిజమే, కానీ దానికి కారణం వేరే. ఫ్రేమ్‌వర్క్ మన తరపున డేటాబేస్‌తో మాట్లాడుతుంది. మీరు వంద జారీల జాబితా చూపించమంటారు. ఒక ప్రశ్నతో ఆ వంద తెస్తుంది. తర్వాత ఒక్కో జారీ దగ్గరా ఆగి "ఈ సభ్యుడి పేరేమిటి?" అని మళ్ళీ అడుగుతుంది. మొత్తం నూటొక్క ప్రశ్నలు! ముందే "పేర్లతో సహా తీసుకురా" అని చెబితే ఒకటి రెండు ప్రశ్నలతో సరిపోతుంది. జాంగోలో, లారవెల్‌లో అలా చెప్పడానికి ఒక్క లైను చాలు. అందుకే ఫ్రేమ్‌వర్క్ ఎంత బాగా రాసిపెట్టినా డేటాబేస్‌తో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్ చదవడం నేర్చుకోండి. మీ తరపున ఏం అడుగుతోందో మీకు తెలియాలి కదా. పట్టికలు విడదీయడం వల్ల సైటు నెమ్మదించిందన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఈ నూటొక్క ప్రశ్నలే ఉంటాయి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. నిజంగా మీ ఊరి గ్రంథాలయం నడపడానికైతే మీరు కొత్తగా ఏదీ రాయనక్కర్లేదు. కోహా అని ఉంది. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే ప్రాంతపు గ్రంథాలయాల కోసం 1999లో రాశారు. అక్కడి పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరం రాగానే తేదీల దగ్గర ఆగిపోతుందని తెలిసి, 2000 జనవరికల్లా దీన్ని వాడకంలోకి తెచ్చారు. ఉచితం. మన దేశంలో చాలా కాలేజీ గ్రంథాలయాలు వాడుతున్నాయి. దాని పట్టికలు ఎలా ఉంటాయో ఎవరైనా చూడొచ్చు. పుస్తకాలకు, ప్రతులకు, సభ్యులకు, జారీలకు విడివిడిగా పట్టికలున్నాయి. మనం ఇందాక గీసినలాంటివే.

మీరు మాత్రం నేర్చుకోవడానికి రాయండి. ఈ ఆదివారం కంప్యూటరు తెరవకండి. మీకు తెలిసిన పని ఒకటి తీసుకోండి. గ్రంథాలయం కావచ్చు, పాల కేంద్రం కావచ్చు, మీ అపార్ట్‌మెంట్ నిర్వహణ లెక్కలు కావచ్చు. ఆ రిజిస్టరు రాసేవాళ్ళ దగ్గర ఒక గంట కూర్చోండి. తెల్లకాగితం మీద పట్టికలు గీయండి. ప్రతి గడి మీదా వేలు పెట్టి అడగండి. ఇది మారితే ఎన్ని చోట్ల దిద్దాలి? ఒక్క చోట అని జవాబొచ్చేదాకా కాగితం చింపి మళ్ళీ గీయండి. ఫ్రేమ్‌వర్క్ సోమవారం దించుకోవచ్చు.